భోజనం లేని తాంబూలం

రంగధీర మహారాజుకు ఒకరోజు పొద్దున్నే బంగారు గంటల ఊయలలో ఊగాలని బుద్ధి పుట్టింది. ఆయనకు బుద్ధి పుట్టడమే అరుదు. పుట్టిందంటే మాత్రం ఆగదు. వెంటనే కోశాధికారి ప్రోలరసును పిలిపించాడు.

"గంటల మాట దేవుడెరుగు ప్రభూ, ఊయలకు తాడు కొనడానికి కూడా బొక్కసంలో సొమ్ము లేదు," అన్నాడు ప్రోలరసు మీసం దువ్వుకుంటూ. ఆ మీసానికి పూటపూటా ఆవునెయ్యి రాయడానికి ఇంట్లో ఒక మనిషిని పెట్టుకున్నాడు. "సుంకం రావడం లేదు. రాజ్యంలో ఎవరూ కూలికి పోవడం లేదు, ఎవరూ ఏదీ కొనడం లేదు."

"మరి జనం ఏం చేస్తున్నారయ్యా?"

"ఒకరికొకరు తాంబూలాలు ఇచ్చుకుంటున్నారు ప్రభూ."

ఇదంతా రాజుగారి శాసనం మహిమ. కూలి ఇచ్చినా, సరుకు కొన్నా అందులో పదోవంతు సుంకం కట్టాలి. తాంబూలంలో పెట్టి ఇచ్చే కానుకకు మాత్రం సుంకం లేదు. అంతే, గేదెను కొన్నా తాంబూలం, గడ్డం గీసినా తాంబూలం. తమలపాకు మడతలో సొమ్ము పెట్టడం, "ఏదో మా సంతోషం కొద్దీ" అంటూ చేతిలో పెట్టడం. చివరికి దొంగ దొరికినా తాంబూలం పుచ్చుకున్నానని బుకాయించేవాడు. ఊళ్ళో నోళ్ళన్నీ పండాయి, బొక్కసం ఎండింది.

రాజు మాత్రం మురిసిపోయాడు. "ఆహా, నా ప్రజలకు ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమ!"

ఆయన వెనక ఆకువక్కల సంచి పట్టుకుని నిలబడే అడపకత్తె పేరిందేవి కిసుక్కున నవ్వింది.

"ఎందుకా నవ్వు?" అన్నాడు రాజు.

ఆమె జవాబు చెప్పేలోపే నలుగురు మనుషులు ఒక నులకమంచం మోసుకుంటూ సభలోకి వచ్చారు. మంచం మీద తాపీమేస్త్రి ఎర్రపోతు, కాలికి వెదురుబద్దల కట్టుతో మూలుగుతున్నాడు. వెంట వచ్చిన భార్య సింగమ్మ రాజుకు దణ్ణం పెట్టింది.

"కోశాధికారి దొరగారి మేడ కడతా పరంజా మీంచి పడ్డాడు దొరా. పనిలో దెబ్బ తగిల్తే లేచి తిరిగేదాకా సగం కూలి ఇయ్యాలని తమరి శాసనమే గదా. అడగబోతే తలుపేసుకున్నారు. మా పొయ్యిలో పిల్లి లేవలేదు దొరా."

"కూలా!" ప్రోలరసు ఉలిక్కిపడ్డట్టు ముఖం పెట్టాడు. "నేను ఇతనికి ఏనాడూ కూలి ఇవ్వలేదు ప్రభూ. సాయంత్రం కాగానే తాంబూలం ఇచ్చి పంపేవాణ్ణి, అంతే."

"మరి మేడ ఎలా లేచింది?"

"వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక తలో ఇటుకా పెట్టిపోయారు ప్రభూ."

రాజు ఎర్రపోతు వైపు చూశాడు. "నువ్వు పుచ్చుకున్నది తాంబూలమేనా?"

"అవును దొరా," అన్నాడు ఎర్రపోతు నేలచూపులు చూస్తూ. "సుంకం తెగకుండా మొత్తం చేతికొస్తదంటే ఆశపడ్డాను."

రాజు కిరీటం పక్కకు జరిపి బుర్ర గోక్కున్నాడు. కూలి కానివాడికి సగం కూలి ఎలా ఇప్పించడం? చూస్తూ చూస్తూ ఆ మనిషిని ఆకలికి వదిలేయడం ఎలా?

"పేరిందేవీ, నవ్వావుగా, ఈ చిక్కు నువ్వే విప్పు. విప్పలేకపోతే నా ఊయల నువ్వే ఊపాలి. గంటల మోత కూడా నువ్వే నోటితో చెయ్యాలి."

పేరిందేవి ప్రోలరసు ముందుకు వచ్చింది. "కోశాధికారిగారూ, ఇతను కూలివాడు కాదంటారు. మరి ఎవరండీ?"

"అతిథి! వాళ్ళందరూ నా అతిథులే. మా గడప తొక్కినవాణ్ణి వట్టి చేతులతో పంపే వంశం కాదు మాది."

"రోజూ తాంబూలం ఇచ్చారా?"

"ఒక్కరోజు తప్పితే ఒట్టు!"

పేరిందేవి బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో ప్రభూ! ఇన్నాళ్ళూ భోజనం పెట్టకుండానే తాంబూలం చేతిలో పెట్టి పంపేశారట!"

సభలో గుసగుసలు బయలుదేరాయి. అన్నం పెట్టకుండా ఆకువక్క ఇవ్వడం అంటే మాటలా!

"పేరంటానికి భోజనం లేకుండానే ఇస్తాం కదా!" అన్నాడు ప్రోలరసు గబగబా.

సభంతా మంచం మోసుకొచ్చిన మోటు మీసాల మనుషుల వైపు తిరిగింది.

"అయితే వీళ్ళ కాళ్ళకు పసుపు రాశారా? తలలో పూలు పెట్టారా?" అంది పేరిందేవి.

రాజు సింహాసనం దిగాడు. "అతిథికి అవమానం జరిగితే రాజ్యానికే అరిష్టం. ఎగ్గొట్టిన భోజనాలన్నీ నేటినుంచి వరసగా పెట్టు. నేనూ వస్తున్నా." భోజనమంటే ఆయనకు ఊయలకన్నా ఇష్టం.

మధ్యాహ్నానికి కొత్త మేడలో విస్తళ్ళు పరిచారు. తాపీవాళ్ళు, వడ్రంగులు, సున్నం కొట్టేవాళ్ళు పెళ్ళాం పిల్లలతో, అత్తామామలతో దిగారు. పులిహోర గుండిగలు ఖాళీ అయ్యాయి. బూరెలు వేగుతుండగానే మాయమయ్యాయి. కాలు విరిగిన అతిథిని నులకమంచం మీద ఉంచకూడదని ఎర్రపోతును ప్రోలరసు సొంత పట్టుపరుపు మీద పడుకోబెట్టారు.

"నెయ్యి అయిపోయింది!" అని కేకేశాడు వంటవాడు.

"మీసాలకు రాసేది ఉందిగా, పట్రండి," అంది పేరిందేవి. "ఇవాళ మొదటిరోజు బాకీయే తీరుతోంది. రేపు రెండోరోజుది."

నెయ్యిగిన్నె తన కళ్ళముందే సింగమ్మ విస్తరి మీదికి వంగేసరికి ప్రోలరసుకు ప్రాణం పోయినంత పనయింది.

"అతిథులేంటి! వీళ్ళు కూలీలు! నా కూలీలు! రోజుకింతని ఇచ్చి పని చేయించుకున్నాను!"

పంక్తి మొత్తం తినడం ఆపింది. రాజు నోట్లో బూరె నోట్లోనే ఉంది. దాన్ని నింపాదిగా మింగి, "అయితే సుంకం ఏదయ్యా?" అన్నాడు.

మేడ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. కట్టని సుంకమంతా కట్టమని, ఎర్రపోతు లేచి నడిచేదాకా సగం కూలి ఇమ్మని రాజు అక్కడే ఆజ్ఞ వేశాడు. ఎర్రపోతుతో మాత్రం, "నీ ఆశకు నీ కాలే జరిమానా కట్టింది, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు," అన్నాడు.

తర్వాత వేళ్ళకున్న పది ఉంగరాలూ ఊడదీసి, అలవాటుగా తమలపాకు మడతలో పెట్టి పేరిందేవికి అందించాడు. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"తాంబూలం కాదు ప్రభూ, ఇది నా కూలి. పదోవంతు తీసుకుని ఇవ్వండి. దాంతో మీ ఊయలకు ఒక గంటైనా వస్తుంది!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ, అందులోంచి ఒక ఉంగరం తీసి మళ్ళీ తన వేలికే తొడుక్కోబోయి, పేరిందేవి చూపు చూసి, సుంకం వసూలుకు తెప్పించిన బొక్కసం పెట్టెలో వేశాడు.