పొగ మన ముఖంలోకి ఎందుకు తొంగి చూస్తుంది

ఒకప్పుడు పొగ పైకి లేచేది కాదు. పిల్లిపిల్లలా నేలమీదే తిరిగేది. పొయ్యి పక్కన ముడుచుకుని పడుకునేది. ఎవరి కళ్ళూ మండేవి కావు. పసిపిల్లలు దాన్ని చేత్తో నిమిరి ఆడుకునేవాళ్ళు. పుట్టిన పొయ్యిని వదిలి అది గడప కూడా దాటి ఎరగదు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున కాసులమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త గురువులు తెప్ప వేసుకుని వేటకు పోయేవాడు. అతను తెచ్చిన చేపల్ని కాసులమ్మ శుభ్రం చేసి, పొయ్యి పక్కన వెదురు తట్టీ మీద పరిచేది.

"రా నాన్నా, చేపలు నీకోసం చూస్తున్నాయి" అని పొగని పిలిచేది.

పొగ తట్టీ ఎక్కి చేపల మధ్య హాయిగా పడుకునేది. సాయంత్రానికి చేపలు బంగారు రంగుకు తిరిగేవి. ఆ వాసనకి వీధి చివర ఉన్నవాళ్ళకి కూడా ఆకలి వేసేది.

కాసులమ్మకి ఒక్కతే కూతురు. పేరు అసిరి. ఆ పిల్లని కొండల్లో ఊరికి ఇచ్చారు. అక్కడికి ఎనిమిది రోజుల నడక. మధ్యలో పెద్ద ఏరు ఒకటి దాటాలి.

ఒకరోజు ఒక గోరువంక ఎగిరొచ్చి పెరటి గోడ మీద వాలింది.

"కాసులమ్మా, నీ కూతురికి ఐదో నెల" అంది.

"ఎంత చల్లని మాట చెప్పావే!" అని కాసులమ్మ మురిసిపోయింది.

"మాట చల్లనిదే. కానీ పిల్ల ఏమీ తినడం లేదు. జొన్నన్నం పెడితే పక్కకి నెట్టేస్తోంది. తేనె ఇస్తే వద్దంటోంది. 'మా అమ్మ పొగ పట్టించిన చేప ఒక్క ముక్క ఉంటే చాలు' అంటోంది. చిక్కి సగమైపోయింది."

కాసులమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

ఎలా తీసుకెళ్ళాలి? పొగ పట్టించిన చేప మూడు రోజులు నిలుస్తుంది. నాలుగో రోజుకి పాడైపోతుంది. దారి పొడవునా పొగ తగులుతూ ఉంటే మాత్రం ఎన్నాళ్ళైనా బాగుంటుంది. అంటే పొయ్యి కూడా తనతో నడవాలి!

"నడిచే పొయ్యి ఎక్కడైనా ఉందా?" అని గురువులు నవ్వాడు.

"లేకపోతే నేను చేస్తాను" అంది కాసులమ్మ.

ముందు ఒక వెదురు బుట్టలో నిప్పులు పెట్టింది. బుట్ట కాలిపోయింది. తరువాత చిన్న మూతి కుండలో పెట్టింది. నిప్పుకి ఊపిరాడలేదు. "నన్ను చంపేస్తావా ఏంటి!" అని దగ్గి దగ్గి ఆరిపోయింది.

అప్పుడు కాసులమ్మ ఒక పెద్ద బాన తెచ్చింది. అడుగున తడి బంకమట్టి మెత్తింది. దాని మీద ఇసుక పోసింది. నిప్పుకి గాలి ఆడేలా పక్కన చిన్న కన్నం చేసింది. బాన మెడలో వెదురు పుల్లల తట్టీ బిగించి, దాని మీద చేపలు పరిచింది. పైన తడిపిన తాటాకుల మూత పెట్టింది. చుట్టూ కొబ్బరి తాడు అల్లి, కావడికి ఒకవైపు కట్టింది. రెండోవైపు కొబ్బరి పీచు, చింతచెక్క పేళ్ళు కట్టింది.

నిప్పు బానలో కూర్చుని, "ఇది బాగుంది" అంది. పొగ మాత్రం పొయ్యి మూలకి నక్కింది.

"అత్తా, నాకు భయం. ఈ ఇల్లు తప్ప నాకేం తెలీదు."

"నాకు మాత్రం కొండలు తెలుసా?" అంది కాసులమ్మ. "ఇద్దరం కలిసి తెలుసుకుందాం. నీ మీద చెయ్యి వేసుకుని పెరిగిన పిల్ల రా అది. ఆకలితో ఉంది."

పొగ మెల్లగా వచ్చి బానలోకి దిగింది.

ఇద్దరూ బయల్దేరారు. సరుగుడు తోటలు దాటారు. వరి చేలు దాటారు. నడుస్తున్నంతసేపూ పొగ కన్నంలోంచి అడుగుతూనే ఉండేది. "అత్తా, అదేంటి?" "అది తాబేలు." "అత్తా, ఆ పచ్చగా ఉన్నది సముద్రమా?" "కాదు నాన్నా, కొండ."

మూడో రోజు వాన పట్టుకుంది. కాసులమ్మ తన గొడుగు బానకి పట్టి, తాను తడిసింది. ఆరో రోజు కాలిలో ముల్లు దిగింది. కుంటుతూనే రేవుకి చేరి, పడవలో ఏరు దాటింది. ఆగిన చోటల్లా మూత తీసి, చేపల్ని తిరగేసి, పొగని పలకరించేది. అంతవరకూ పొగ ఒక పొయ్యిది. ఇప్పుడు అది ఒక మనిషిది అయింది.

ఎనిమిదో రోజు అసిరి గుమ్మంలో కావడి దిగింది. అసిరి ముఖం పాలిపోయి ఉంది. కాసులమ్మ బాన మూత తీసింది.

వాసన వచ్చింది. అసిరి కళ్ళు మూసుకుంది. ఒక ముక్క తింది. రెండో ముక్క తింది. తరువాత అన్నం పెట్టమంది. తింటూ తింటూ తల్లి ఒడిలో తల పెట్టి ఏడ్చేసింది.

నెలలు నిండి అసిరికి ఆడపిల్ల పుట్టింది. ఇంకొన్నాళ్ళకి గురువులు దగ్గర్నించి కబురు వచ్చింది. వేట కాలం మొదలైంది, ఒక్కడి వల్ల కావడం లేదని.

కాసులమ్మ బాన పక్కన కూర్చుంది. "నువ్వు ఇక్కడే ఉండు నాన్నా. బాలింతకి రోజూ ఏటి చేప పొగ పట్టించి పెట్టాలి. వానలు వెళ్ళగానే నేనొచ్చి నిన్ను తీసుకెళ్తా."

"తప్పకుండా వస్తావా అత్తా?"

"నిన్ను వదిలి ఎక్కడికి పోతాను?" అంది. దారి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది.

వానలు వచ్చాయి. వెళ్ళాయి. కాసులమ్మ రాలేదు.

గోరువంక వచ్చింది. "ఏరు పొంగి దారి మార్చుకుంది. రేవు కొట్టుకుపోయింది. పడవ వేసే చోటు లేదు. మీ అమ్మ అవతలి గట్టు దాకా వచ్చింది, అసిరీ. పొద్దంతా ఇటే చూస్తూ కూర్చుని, మళ్ళీ వెళ్ళిపోయింది."

అసిరి చంటిదాన్ని గుండెలకి హత్తుకుంది. బానలో పొగ కదలకుండా పడి ఉంది. మర్నాడూ అంతే. చేపలకి రంగు రావడం మానేసింది.

అసిరి చూడలేకపోయింది. బాన మూత పూర్తిగా తీసేసింది.

"నువ్వు వెళ్ళు" అంది. "నాకు రెక్కలు లేవు. నీకు బరువు లేదు. అమ్మ కనిపిస్తే చెప్పు, పిల్లకి తన పేరే పెట్టానని."

పొగ తట్టీ కంటే ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు. వణుకుతూ లేచింది. కప్పు దాటింది. చెట్లు దాటింది. ఏరు మీదుగా సముద్రం ఒడ్డుకి చేరింది. పైనుంచి చూస్తే అన్నీ తాటాకు ఇళ్ళే. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ ఇల్లు కాసులమ్మది?

ఒక చోట నిప్పు కనిపించింది. పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. పొగ గబగబా దిగింది. చాన్నాళ్ళు బానలో ఉండి దాని చూపు మందగించింది. అందుకని ముఖానికి ముఖం ఆనించి చూసింది.

ఆవిడ కాసులమ్మ కాదు.

పొగకి ఏడుపొచ్చింది. దాని కన్నీళ్ళు ఆవిడ కళ్ళలో పడ్డాయి. ఆవిడ కళ్ళు నులుముకుంటూ, "పో పో" అని కొంగుతో విసిరింది. పొగ మళ్ళీ పైకి లేచింది. మరో నిప్పు వెతుక్కుంది. అక్కడ కూర్చున్నదీ కాసులమ్మ కాదు.

కావాలని ఎవర్నీ ఏడిపించదు అది. ఇంకా వెతుకుతోంది, అంతే.

అప్పటినుంచే పొగ పుట్టగానే పైకి లేస్తుంది. నిప్పు దగ్గర ఎవరు కూర్చున్నా వంగి వచ్చి ముఖంలోకి చూస్తుంది. నువ్వు ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు వస్తుంది, సరిగ్గా చూశానో లేదో అని. అది వచ్చి చూసినప్పుడల్లా, ఏ బాధా లేకపోయినా, మన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.