పేరిందేవి గుత్తిబీర

అనగా అనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో, చివరి వీధిలో, చివరి పెంకుటింట్లో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. ముందు ఆ కాలు దుప్పట్లోకి లాక్కో, అప్పుడు చెప్తాను. లాక్కున్నావా? ఆఁ.

పేరిందేవి మంచిదే. పనిమంతురాలు. కాకపోతే కోపం ముక్కు మీదే ఉండేది. ఉండదూ మరి? ఆ ఇంట్లో ఆవిడతో ఉన్న ఇద్దరూ అలాంటివాళ్ళు. ఒకరు అత్తగారు సూరాయమ్మ. ఆవిడ చేతులు ఒక్క నిమిషం ఊరుకోవు. చెప్పిన పని మర్చిపోతుంది, చెప్పని పని చేసిపెడుతుంది. రెండోవాడు మొగుడు గవర్రాజు. ఎదురుగా ఏముందో చూడకుండానే నోట్లో వేసుకునే రకం. వాళ్ళిద్దరి మధ్యా పదేళ్ళు కాపురం చేసింది పేరిందేవి. నేనైతే పది రోజులు కూడా చెయ్యను.

పేరిందేవి వాళ్ళమ్మ మాణిక్యం కిందటి వానాకాలంలో పోయింది. ఆవిడ పెరడంటే చుట్టుపక్కల నాలుగూళ్ళకీ తెలుసు. ఆవిడ పోయాక ఆ పెరట్లో గొడ్లు పడి మేశాయి. పందిళ్ళు కూలిపోయాయి. చూస్తే ఏడుపొచ్చేలా అయిపోయింది.

ఆ ఇంట్లోంచి పేరిందేవి తెచ్చుకున్నవి మూడే మూడు. ఒక గుడ్డమూటలో ముద్దబంతి గింజలు. ఒక చిన్న బుడ్డిలో రుద్రజడ గింజలు. అంటే సబ్జా గింజలేనే, ఎండాకాలం నీళ్ళల్లో వేస్తే ఉబ్బుతాయి చూడు, అవే. ఇక మూడోది ఒక పిడక.

పిడకేమిటని నవ్వకు. ఆ రోజుల్లో పాదు గింజలు పేడముద్దలో గుచ్చి, పిడకలా చేసి గోడకి కొట్టేవాళ్ళు. అలా ఉంచితే పురుగు పట్టదు, ఎలకలు ముట్టవు. ఆ పిడకలో గుత్తిబీర గింజలున్నాయి. మామూలు బీర ఒక్కోచోట ఒక్కో కాయ కాస్తుంది. గుత్తిబీర గుత్తికి అయిదో ఆరో కాస్తుంది. ఆ విత్తనం మాణిక్యం దగ్గర తప్ప ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. పిడక మీద ఆవిడ అయిదు వేళ్ళ అచ్చూ అలాగే ఉంది. పేరిందేవి దాన్ని అట్లకాడతో జాగ్రత్తగా ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని, బండిలో అంత దూరమూ తెచ్చుకుంది.

ఈ గింజలు మొలిస్తే అమ్మ పెరడు మళ్ళీ ఉన్నట్టు. మొలవకపోతే లేనట్టే. ఆవిడ ఆశంతా వాటి మీదే పెట్టుకుంది.

శివరాత్రి వెళ్ళింది. చలి తగ్గింది. అప్పుడు పేరిందేవి బావి పక్కన జానెడు జాగా తవ్వి, మట్టి చేత్తో నలిపి మెత్తగా చేసి, ముద్దబంతి గింజలు చల్లింది. చిటికెడు కూడా దాచుకోలేదు. చల్లి, అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, బావి పక్కన బంతి నారు పోశాను. అటు వెళ్ళకండి."

"నాకెందుకే అమ్మా, నేనెందుకు వెళ్తాను!" అంది సూరాయమ్మ.

వారం తిరక్కుండా మొలకలు లేచాయి. రెండేసి ఆకులు, సన్నగా, ముద్దుగా. పేరిందేవి రోజుకి పదిసార్లు వెళ్ళి చూసుకునేది. అలా చూసుకుంటూ ఉండగా ఒకరోజు ఏటికి బట్టలు ఉతకడానికి వెళ్ళింది. తిరిగొచ్చి బిందె కోసం బావి దగ్గరికి వెళ్తే, అక్కడ నేలంతా నున్నగా అలికి ఉంది. అలుకు మీద ముగ్గు ఉంది. ముగ్గు మధ్యలో తామరపువ్వు కూడా ఉంది. సూరాయమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఆ ముగ్గుని చూసి మురిసిపోతోంది.

"ఎంత కలుపో అమ్మాయ్ ఇక్కడ! అంతా పీకి గేదెకి వేశాను. చూడు, ఇప్పుడు ఎంత కళగా ఉందో!"

పేరిందేవికి నోట మాట రాలేదు. ఆ తర్వాత వచ్చింది. వచ్చిందంతా నీకు చెప్పకూడదు, చిన్నపిల్లవి.

"నా బంతి నారు పీకేసి దాని మీద ముగ్గేశారా అత్తయ్యా!"

"అది బంతని నాకేం తెలుసు?"

"చెప్పాను కదండీ!"

"బంతి అని చెప్పావు. బంతి అంటే పువ్వుండాలా వద్దా? ఒక్క పువ్వయినా కనిపిస్తే నేనెందుకు పీకుతాను?" అంది సూరాయమ్మ. పైగా తనకే అన్యాయం జరిగినట్టు మొహం పెట్టింది. పేరిందేవి గేదె దగ్గరికి పరిగెత్తింది. గేదె మూతి నాక్కుంటోంది.

ఆ రోజంతా ఆ ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడాయి. అవీ గట్టిగా మాట్లాడాయి.

సరే, బంతి పోయింది. ఇంకా రెండున్నాయి కదా అనుకుని పేరిందేవి మనసు చిక్కబట్టుకుంది. ఆ తర్వాత రుద్రజడ వంతు వచ్చింది. రుద్రజడ అంటే తులసికి చెల్లెలులాంటి మొక్క. తాకితే చాలు, చెయ్యంతా ఘుమఘుమ. మాణిక్యం ఎప్పుడూ జడలో ఒక రెమ్మ పెట్టుకునేది. పేరిందేవికి అమ్మ దగ్గర పడుకున్నప్పటి వాసన అదే.

గింజలు ఒక పూట నీళ్ళల్లో నానితే త్వరగా మొలుస్తాయని ఆవిడ ఆశ. చెంబులో వేసింది. ఈసారి అత్తగారి కంట పడకూడదని వంటింట్లో పై గూట్లో పెట్టింది. పెట్టి, మూత పెట్టింది. మూత మీద రాయి పెట్టింది. అంతా చేసి, మడి చేసుకోవడానికి గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఎండలో నడుం వంచి తవ్వి, గడ్డలు చితక్కొట్టి, నీళ్ళు చల్లి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది.

వంటింటి గడపలో గవర్రాజు కూర్చుని ఉన్నాడు. పొలంనుంచి అప్పుడే వచ్చాడు. పక్కన చెంబు ఉంది. రాయి ఒక పక్క, మూత ఒక పక్క.

"ఎంత చలవగా ఉందే!" అన్నాడు మీసం తుడుచుకుంటూ. "కాస్త బెల్లం వేసుంటే ఇంకా బాగుండేది."

"కుండలో మంచినీళ్ళు లేవా! పై గూట్లో, మూతేసి, రాయి పెట్టిందే కావాల్సి వచ్చిందా మీకు!"

"అంత దాచిపెట్టావంటే నాకోసమే అనుకున్నానే," అన్నాడు ఆ మహానుభావుడు. మొహం చూస్తే నిజంగానే అలా అనుకున్నాడని తెలుస్తోంది. అందుకే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. పాపం అందామంటే కోపం, కోప్పడదామంటే పాపం. ఏం చేస్తుంది?

"కొన్నయినా మిగిల్చారా?"

"నువ్వు చేసిపెట్టింది ఎప్పుడైనా మిగిల్చానా!" అన్నాడు గర్వంగా.

పేరిందేవి నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడింది. చెంబు తిరగేసి చూసింది. అడుగున ఒక్క గింజ కూడా లేదు. అమ్మ జడ వాసన ఆయన పొట్టలోకి పోయింది.

నిద్రపోయావా? లేదు కదా? అసలు కథ ఇప్పుడే ఉంది, కళ్ళు తెరుచుకో.

ఇక మిగిలింది పిడక ఒక్కటి. బీరకి నేల వెచ్చబడాలి కనుక ఉగాది ముందు దాకా ఆగింది పేరిందేవి. అప్పుడు కంచె పక్కన లోతుగా పాదు తవ్వింది. మాగిన పెంట వేసింది. పిడక తెచ్చి పగలగొట్టి, గింజలు తీసి పెట్టడమే తరువాయి. అయితే వంట ఇంకా కాలేదు. పిడకని అరుగు మీద పెడితే అత్తగారు అలికేస్తుంది. గూట్లో పెడితే మొగుడు నమిలేస్తాడు. అందుకని తన కళ్ళ ముందే ఉండాలని పొయ్యి పక్కన తన మోకాలి దగ్గర పెట్టుకుంది. ఇక ఎవరొస్తారో రండి అన్నట్టు కూర్చుంది.

కూర్చుని, అన్నం ఎసరు పెట్టి, తిట్టడం మొదలుపెట్టింది. సావిట్లో సూరాయమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. గవర్రాజు తాడు పేనుతున్నాడు. ఇద్దరికీ వినపడేలా తిట్టింది. బంతి దగ్గర మొదలుపెట్టింది. అక్కణ్ణించి రుద్రజడకి వచ్చింది. ఆ తర్వాత వెనక్కి, వెనక్కి, పెళ్ళిలో జరిగిన మర్యాదల దాకా వెళ్ళింది. తిడుతూ చెయ్యి చాపి వంట పిడకల్లోంచి ఒకటి పొయ్యిలో పెట్టింది. తిడుతూ ఇంకొకటి పెట్టింది. "ఈ ఇంట్లో ఒక్కళ్ళకైనా చేసే పని మీద ధ్యాస ఉందా!" అంటూ మూడోది కూడా పెట్టింది.

అప్పుడు పొయ్యిలోకి చూసింది. మంటలో అమ్మ అయిదు వేళ్ళ అచ్చు కనిపించింది.

చెయ్యి పొయ్యిలో పెట్టి ఆ పిడకని బయటికి లాగేసింది. చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. చుయ్యిమని పొగ లేచింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. సావిట్లోంచి ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

"ఎవరు పెట్టారే అది పొయ్యిలో?" అనబోయాడు గవర్రాజు. సూరాయమ్మ ఆయన్ని జబ్బ మీద గిల్లింది. ఆవిడకి అర్థమైంది. పేరిందేవి నేలమీద కూర్చుని తడిసిన పిడక ముక్కల్ని చూస్తోంది. అంతసేపు ఇంటి కప్పు లేచిపోయేలా తిట్టిన మనిషికి ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

సూరాయమ్మ కోడలి చేతికి వెన్న రాసింది. గవర్రాజు పిడక ముక్కలు విప్పి చూశాడు. తొమ్మిది గింజలున్నాయి. ఏడు పేలాల్లా పేలిపోయాయి. రెండు మాత్రం గట్టిగా ఉన్నాయి. బీరగింజ మామూలుగానే నలుపు కదా, అవి బతికున్నాయో మాడిపోయాయో చూసి చెప్పే దారి లేదు.

ఆ రెండూ పాదులో పెట్టింది పేరిందేవి. వారం చూసింది. రాలేదు. పది రోజులు చూసింది. రాలేదు. పన్నెండో రోజున చూడటానికి కూడా వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మ పెరట్లో మిగిలిందంతా నా చేత్తో నేనే తగలబెట్టుకున్నాను," అని ఏడ్చింది. పిచ్చిది, ఎంత ఏడ్చిందో.

ఆ మర్నాడు పొద్దెక్కాక ఆవిడ అన్నం వండుతూ ఉంటే అత్తగారు ఎక్కడా కనపడలేదు. పొద్దున్న లేవగానే వినపడాల్సిన చీపురు చప్పుడు కూడా లేదు. ఆ మనిషి చప్పుడు చెయ్యట్లేదంటే ఎక్కడో ఏదో పీకుతున్నట్టే. ఉన్నపళంగా పేరిందేవి గరిటె పట్టుకునే పెరట్లోకి పరిగెత్తింది.

సూరాయమ్మ కంచె పక్కన ఎండలో చతికిలబడి ఉంది. కొంగు గుడారంలా పట్టుకుని పాదుకి నీడ పట్టింది. రెండో చేత్తో కోళ్ళని అదిలిస్తోంది. మొహమంతా చెమట.

"అత్తయ్యా! ఏం పీకారు?"

"ఏమీ పీకలేదే తల్లీ! తెల్లారినప్పటినుంచి ఇక్కడే కూర్చున్నాను. లేచి నిన్ను పిలుద్దామంటే ఈ దిక్కుమాలిన కోళ్ళు. కేకేద్దామంటే గొంతు ఆరిపోయింది." కొంగు కాస్త పక్కకి తీసింది. "ఇదేదో లేచింది. కలుపో, మీ అమ్మ బీరో నాకు తెలియదు. అందుకే ముట్టుకోలేదు. నువ్వే చూసి చెప్పు."

పేరిందేవి వంగి చూసింది. మందంగా రెండాకులు. ఒక ఆకు అంచుకి నల్లటి పొట్టు ఇంకా అంటుకునే ఉంది. బీరే. రెండిట్లో ఒక్కటి.

అలవాటుగా తిట్టడానికి నోరు తెరిచింది పేరిందేవి. ఒక్క తిట్టు కూడా దొరకలేదు. గరిటె కింద పడేసి అత్తగారి మెడ పట్టుకుని భోరుమంది. "అయ్యో, పాదు తొక్కుతావే!" అని అరిచింది సూరాయమ్మ.

ఆ తర్వాత ఆ తీగ కంచె ఎక్కింది. వైశాఖం వెళ్ళేసరికి గుత్తికి ఆరేసి కాయలు కాసింది. మొదటి గుత్తి విత్తనానికని చెట్టునే వదిలేశారు. గవర్రాజు రోజూ దాని కింద నిలబడి చూసేవాడు కానీ చెయ్యి వెయ్యలేదు. కాయలు ఎండి గలగలమన్నాయి. పేరిందేవి గింజలు రాల్చి చేటలో పోసి, పేడ తేవడానికి పాకలోకి వెళ్ళింది. వచ్చి చూస్తే చేటలో గుప్పెడే ఉన్నాయి. సూరాయమ్మ ఖాళీ కొంగు దులుపుకుంటూ వీధిలోంచి వస్తోంది.

"గింజలేవి అత్తయ్యా?"

"ఇంటింటికీ నాలుగేసి పంచిపెట్టాను."

"ఎవర్నడిగి పంచారు!"

"ఎవర్నడగాలే? ఇంట్లో ఉంచితే నువ్వు పొయ్యిలో పెడతావు!"

పేరిందేవి గట్టిగా నిట్టూర్చింది. ఆ మనిషితో పడలేక నెత్తి కొట్టుకుంది. కానీ వానలు పడి, ఆ పంచిన గింజలన్నీ తీగలయ్యాక ఒకరోజు ఏటినుంచి వస్తూ వీధి మొదట్లో ఆగిపోయింది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఏ ఇంటి కంచె చూసినా మాణిక్యం గుత్తిబీరే. బట్టలమూట చంకలో పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

కథ పోయింది కంచికి,
తీగ పాకింది కంచెకి,
మనం వచ్చాం ఇంటికి,
నిద్ర రావాలి కంటికి.