దాత పేరున్న ఫ్యాను

ఇంకాస్త ముందుకు జరగండమ్మా, వెనకవాళ్ళకు చోటవుతుంది. ఇవాళ నా గొంతు బాగా అలిసింది. దగ్గరగా కూర్చుని వింటే ఆ స్వామి దయవల్ల పూర్తి చేస్తాను.

మా గురువుగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు ఏదో ఒక పని చెప్పేవారు. ఒక వైశాఖ మాసపు మధ్యాహ్నం ఆశ్రమం హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉండగా, శేషశయనం అనే శిష్యుడు అడిగాడు.

“స్వామీ, మన మున్సిపల్ చైర్మన్ జగ్గారావుగారు పూజ చెయ్యందే కాఫీ కూడా తాగరు. అలాంటాయన కాన్పుల వార్డుకు మంజూరైన డబ్బుతో ఫ్యాన్లు కొని, తన పేరు రాయించి గుళ్ళకూ మఠాలకూ దానమిచ్చారట. పదవి పోయింది, జైలు కూడా చూసొచ్చారు. అంత భక్తుడి తప్పు ఎక్కడ మొదలై ఉంటుందంటారు?”

గురువుగారు తలెత్తి పైకి చూశారు. మా ఫ్యాను రెక్కల మీద కూడా ఎర్రరంగుతో ‘దాత: జగ్గారావు, చైర్మన్’ అని ఉంది. తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనబడదు.

“స్విచ్చి ఆపి, స్టూలు పట్టుకో,” అన్నారు.

డెబ్బై దాటిన మనిషి, తానే ఎక్కి మరలు విప్పుతున్నారు. ఇంతలో గుమ్మంలోకి జగ్గారావే వచ్చి నిలబడ్డాడు. బెయిలు మీద బయటికొచ్చాక ఊళ్ళో ఎవరూ కూర్చోమనడం లేదు. మనిషి సగమైపోయాడు.

“పేరు చెరిపిస్తే సరిపోయేది కదా స్వామీ, ఫ్యానేం చేసింది?” అన్నాడు నీరసంగా.

“పేరొక్కటే నీది నాయనా. ఇలా పట్టుకో.”

ముగ్గురూ ఆటోలో ఆస్పత్రికి బయలుదేరారు. జగ్గారావు ఫ్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెక్కల మీద కండువా కప్పాడు. కాన్పుల వార్డులో ఒక బాలింత మందుల చీటీతో పసిగుడ్డుకు విసురుతోంది. నర్సమ్మ వీళ్ళను చూసి నడుము మీద చెయ్యి వేసుకుంది.

“ఏం స్వామీ, మీ దేవుడికి ఉక్కపోత తగ్గిందా?”

గురువుగారు చేతులు జోడించారు. జగ్గారావు కాసేపు గడప దగ్గరే ఆగిపోయాడు. తరవాత కండువా తీసేసి, పేరు కనబడేట్టే ఫ్యాన్ని ఆమె చేతికిచ్చాడు.

తిరిగొచ్చి, ఉక్కపోస్తున్న హాల్లో చెమట తుడుచుకుంటూ శేషశయనం మళ్ళీ అడిగాడు. “మరి నా ప్రశ్న, స్వామీ?”

గురువుగారు తాటాకు విసనకర్ర అందుకున్నారు.

“ఆయనది ఎక్కడ మొదలైందో ఆయన్నే అడగాలి. నాది ఇక్కడే, ఈ ఫ్యాను కింద. మూడు వేసవులు చల్లగా కూర్చున్నాను. ఎక్కడిదని అడగలేదు.”

అమ్మా, అయ్యా, మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. ఆ వయసులో ఆయన స్టూలెక్కి మరలు విప్పారే, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళి నలుగురికీ చెప్పండి. చెప్పేముందు మీ నెత్తిమీద తిరుగుతున్నదాన్ని కూడా ఒకసారి ఆపి చూసుకోండి.