మూడో పిలుపు

ఆ కార్డు చేతికందిన దగ్గర్నుంచి కొండయ్య వకీలుకు కడుపులో మంట చల్లారలేదు.

కార్డు తెచ్చింది కొడుకు భార్గవ. పదమూడేళ్లుగా ఆ తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒకటే ఊరు, ఇద్దరిదీ ఒకటే వృత్తి. వీధిలో ఎదురుపడితే చెరో పక్కకు తప్పుకునేవాళ్లు. అలాంటిది ఆ రోజు పొద్దున్నే వచ్చి, మెట్టు కిందే నిలబడి, కార్డు అరుగు మీద పెట్టాడు.

"జిల్లా జడ్జిగా వేసినారు నాన్నా. శ్రీకాకుళం. రేపు పదింటికి బార్ హాల్లో మీటింగు. సాయంత్రం రైలుకు పోతున్నా. మీరు రావాల."

కొండయ్య పేపర్లోంచి తలెత్తలేదు. కాసేపు నిలబడి భార్గవ వెళ్లిపోయాడు.

వాడు సందు మలుపు తిరిగిన తరవాత కార్డు తీసి చదివాడు. జింకా భార్గవ గారికి వీడ్కోలు సభ. అదే సభలో వారి గురువు, కీర్తిశేషులు వల్లూరు భుజంగరావు గారి చిత్రపటం ఆవిష్కరణ. కింద పెద్దల పేర్లు. ఆరోది జింకా కొండయ్య, రిటైర్డు అడ్వకేటు.

భుజంగరావు గురువు. కన్నతండ్రి ఆరో పేరు.

మధ్యాహ్నం అన్నం ముందు కూచుని రెండు ముద్దలు తిని లేచాడు. ఎండ దిగకముందే చెయ్యేటి ఒడ్డున ఉన్న దర్గాకు బయలుదేరాడు.

దర్గాలో దస్తగిరి సాయిబు ఉంటాడు. నందలూరు కోర్టులో ముప్పై రెండేళ్లు బంట్రోతుగా చేసినవాడు. భుజం మీంచి అడ్డంగా ఎర్ర డవాలీ పట్టీ వేసుకుని, కోర్టు గుమ్మం ముందు నిలబడి, పార్టీల పేర్లు మూడేసి సార్లు పిలవడం అతని పని. మూడో పిలుపుకీ పలక్కపోతే రాలేదని రాసేస్తారు, కేసు పోతుంది. ఆ తరవాత పరుగెత్తుకొచ్చి గుమ్మం ముందు ఏడ్చినా ఆ రోజుకు అంతే. పిలుపంటే అంత పని.

ఆ రోజుల్లో కొండయ్య అతన్ని "ఒరే దస్తగిరీ, ఈ సంచీ పట్టుకో" అనేవాడు. మరోసారి గొంతు తగ్గించి, "మూడోది కాస్త ఆలస్యంగా పిలువురా. మనవాడు బస్సు దిగి వస్తా ఉన్నాడు" అనేవాడు. దస్తగిరి సరేననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. రెండు పిలుపులు పిలిచి దగ్గు తెచ్చుకునేవాడు. వంగి వంగి దగ్గేవాడు. లోపల మున్సిఫు జడ్జి విసుక్కునేవాడు. ఈలోగా పల్లెటూరి మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని రొప్పుతూ వచ్చి పడేవాడు. ఆ దగ్గుతో ఎంతమంది భూములు నిలబడ్డాయో కొండయ్యకు తెలుసు.

రిటైరయ్యాక దస్తగిరి దర్గా ఊడ్చుకుంటూ అక్కడే ఉండిపోయాడు. మనసు బరువెక్కినవాళ్లు వచ్చి అతని దగ్గర కూచుని పోతారు. అతను పెద్దగా మాట్లాడడు. భార్య ఓబులమ్మ చనిపోయిన నెలకు కొండయ్య ఒక సాయంత్రం ఊరికే వచ్చి కూచున్నాడు. నాలుగేళ్లుగా వస్తూనే ఉన్నాడు. గురువు అనే మాట నోటితో ఎన్నడూ అనలేదు. కానీ చెప్పులు దూరంగా విడిచి, అతనికంటే ఒక మెట్టు కింద కూచునేవాడు.

"ఏం వకీలు సాబ్, ఎండలోనే వచ్చినారే?"

కొండయ్య కార్డు అతని చేతిలో పెట్టాడు. దస్తగిరి అక్షరాలు కూడబలుక్కుని చదివి, మడిచి, తిరిగిచ్చాడు.

"చూసినావా సాయిబూ? నేనెక్కడి నుంచి వచ్చినానో నీకు తెలుసు గదా."

దస్తగిరికి తెలుసు. అయినా విన్నాడు.

మాధవరంలో మగ్గం గుంటలో పెరిగినవాడు కొండయ్య. ఒళ్లో పుస్తకం పెట్టుకుని నాడె విసిరాడు. పోగు తెగితే తండ్రి పుస్తకం లాగి అవతల పారేసేవాడు. కొడుకు దుమ్ము దులిపి మళ్లీ తెచ్చుకునేవాడు. ప్లీడరయ్యాక తొడిగిన మొదటి నల్లకోటు, చనిపోయిన ఎవరో ప్లీడరుది. చేతులు పొడుగైతే లోపలికి మడిచి కుట్టించుకున్నాడు. భుజంగరావుకు అవేవీ లేవు. తాత ప్లీడరు, తండ్రి ప్లీడరు. ఇంట్లో నేల నుంచి పైకప్పు దాకా లా పుస్తకాలు. అతను లేచి నిలబడితే మున్సిఫు కలం కింద పెట్టి వినేవాడు.

"ఒకసారి పుస్తకం అడిగితే ఏం చేసినాడో తెలుసా?"

"ఇయ్యలేదా?"

"ఇచ్చినాడు. నవ్వుతూ ఇచ్చినాడు. ఇంకో రెండు కూడా తీసుకుపో అన్నాడు." కొండయ్య కార్డును మోకాలి మీద కొట్టాడు. "ఇయ్యకుండా ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి."

దస్తగిరి గడ్డం గోక్కున్నాడు.

తరవాత కొండయ్యకూ పేరొచ్చింది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు అతని వరండాలోనే పడుకుని తెల్లారి కోర్టుకు పోయేవాళ్లు. తన వరండా ఎంత నిండినా అతని చూపు మాత్రం వీధికి అవతల, భుజంగరావు గుమ్మం ముందున్న చెప్పుల మీదే ఉండేది. నలభై ఏళ్లు గెలిచిన కేసుల సంతోషం ఇంటిదాకా రాలేదు. దారిలో ఆ గుమ్మం దగ్గరే ఇంకిపోయేది.

"అదంతా పోనీ. నా కొడుకును కూడా తీసుకున్నాడు."

"ఆయన తీసుకున్నాడా?"

కొండయ్య కార్డు మడత విప్పి మళ్లీ మడిచాడు.

భార్గవ లా చదివి వచ్చి తండ్రి దగ్గరే ఎనిమిది నెలలు పని చేశాడు. ఒకనాడు వాడు రాసిన దావా కాగితం చదివి, పార్టీల ముందే, "ఇది వకీలు రాసిందా, వంటమనిషి రాసిందా?" అని నాలుగు ముక్కలుగా చించేశాడు కొండయ్య. వాడు మాట్లాడకుండా ముక్కలు ఏరి జేబులో పెట్టుకున్నాడు. మూడోనాడు భుజంగరావు ఆఫీసులో కనబడ్డాడు. ఆ ముక్కల్ని భుజంగరావు బంకతో అతికించి, రెండు వాక్యాలు మాత్రం దిద్ది, తిరగరాయించి కోర్టులో వేయించాడట. గుమాస్తా వచ్చి చెప్పిపోయాడు.

ఆ వేళ కొండయ్య ఇల్లంతా దద్దరిల్లేలా అరిచాడు. "ఆ గుమ్మం తొక్కినవాడు నాకు కొడుకు కాడు."

ఓబులమ్మ బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండా అంది. "మీరు చించినారు. ఆయన అతికించినాడు. అంతే గదా."

ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. ఇదొక్కటీ దస్తగిరికి ఎన్నడూ చెప్పలేదు. ఈ రోజు చెప్పేశాడు. చెప్పి, పైకండువాతో మొహం తుడుచుకున్నాడు.

"చచ్చి రెండేళ్లయింది సాయిబూ. ఇప్పుడు పటమై గోడెక్కి కూచుంటాడు. ఆ తెర నా కొడుకు లాగుతాడు. నేను కింద ఆరో కుర్చీలో కూచుని చప్పట్లు కొట్టాల. నేను పోను. వాడి రైలు వాడికి పోతుంది."

దస్తగిరి విన్నదంతా విన్నాడు. అప్పుడు అడిగాడు.

"దావా ఎవరి మీద వకీలు సాబ్?"

"ఇంకెవరి మీద? భుజంగరావు మీద."

దస్తగిరి మోకాళ్లు పట్టుకుని లేచాడు. భుజం మీది తువ్వాలును డవాలీలాగా అడ్డంగా వేసుకున్నాడు. దర్గా గుమ్మం దగ్గరకు పోయి, వీపు నిటారుగా పెట్టి, ఊరివైపు తిరిగి నిలబడ్డాడు.

"వల్లూరు భుజంగరావూ... హాజర్!"

ముసలివాడి గొంతు ఏటి ఇసక దాటి పోయింది. మేస్తున్న మేకలు రెండు తలెత్తాయి.

"నీకేమన్నా మతిపోయిందా సాయిబూ? చచ్చినోణ్ణి పిలుస్తావే?"

"పిలవడం నా పని. వచ్చేదీ రానిదీ వాళ్ల ఇష్టం." మళ్లీ అటు తిరిగాడు. "వల్లూరు భుజంగరావూ... హాజర్!"

కొంచెం ఆగి మూడోసారీ పిలిచాడు.

ఎవరూ రాలేదు. మేకలు తలలు దించుకున్నాయి.

"పార్టీ రాలేదు," అన్నాడు దస్తగిరి, కోర్టులో చెప్పినట్టే. "కేసులో ఇంకెవరన్నా ఉన్నారా?"

కొండయ్య కార్డు వైపు చూశాడు. చేతి చెమటకు దాని అంచు మెత్తబడింది.

"ఉన్నాడు," అన్నాడు మెల్లగా. "వాడూ ఉన్నాడు."

దస్తగిరి గొంతు సవరించుకున్నాడు.

"జింకా భార్గవా... హాజర్!"

ఆ పేరు అంత గట్టిగా విని కొండయ్య ఉలిక్కిపడ్డాడు. నామకరణం నాడు తను ఆ పసివాడి చెవిలో అన్న పేరు అది. పదమూడేళ్లుగా నోటితో అనలేదు.

"జింకా భార్గవా... హాజర్!"

ఊరి వైపు దారి ఖాళీగా ఉంది.

దస్తగిరికి దగ్గొచ్చింది. గుమ్మం పట్టుకుని, వంగి వంగి దగ్గాడు. ఆగాడు. కొండయ్య వైపు చూడకుండా మళ్లీ దగ్గాడు.

ఆ దగ్గు కొండయ్యకు తెలుసు. దాని అవతల ఏముంటుందో కూడా తెలుసు. అతని చూపు దారి మీదే ఉంది. దగ్గు తగ్గిపోయింది. దస్తగిరి నిటారుగా నిలబడి రొమ్ము నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఆగు," అన్నాడు కొండయ్య. చెప్పుల్లేని కాళ్లతోనే లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు. "మూడోది పిలవొద్దు సాయిబూ."

దస్తగిరి తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు.

"నేను పిలవను వకీలు సాబ్. అది నా గొంతుతో పిలవాల్సింది కాదు."

చీపురు తీసుకుని మెట్లు ఊడ్చుకోవడం మొదలుపెట్టాడు.

కొండయ్య ఊళ్లోకి నడిచాడు. రోజూ ఇంటికి తిరిగే మలుపు దాటి ముందుకు పోయాడు. భార్గవ ఇంటి ముందు సామాన్లు కట్టి పెట్టి ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి ఎదురు గోడ మీద పటం కనబడింది. నల్లకోటు, నవ్వు మొహం. మరునాటి సభకు సిద్ధం చేసిన భుజంగరావు.

కొండయ్య ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకే వేశాడు.

గేటు మీద చెయ్యి వేసి, కొడుకును పేరు పెట్టి పిలిచాడు.