మెచ్చుకోలు బొట్టు

వెనకటికి ఒక దివానుగారికి రోజుకో సూక్తి చెప్పే జబ్బుండేది. దాన్ని లేఖకుడు పొద్దున్నే కచేరీ గోడ మీద రాసేవాడు. కింద దివానుగారే మొదటి కుంకుమ బొట్టు పెట్టేవారు. ఆ వెనకే గుమాస్తాలూ, పనివాళ్లూ అంతా మెచ్చుకోలుగా తలో బొట్టూ పెట్టేవారు.

ఒకరోజు సున్నాలు వేసే ఎర్రప్ప మాత్రం పెట్టలేదు.

"నా సూక్తి నీ కంటికి ఆనలేదట్రా? కొలువు ఊడగొడతా!" అన్నారు దివానుగారు.

"నాకు చదువు రాదు దొరా. ఎలా ఉందో వీళ్లనే అడగండి."

"అమోఘం! ధర్మసూక్ష్మం!" అన్నారు గుమాస్తాలు.

ఎర్రప్ప చేతులు కట్టుకున్నాడు. "నిన్న సాయంత్రం ఆ గోడకు సున్నం వేసింది నేనే దొరా. లేఖకుడికి జ్వరమొచ్చి ఇవాళ రానేలేదు. ఉత్త గోడకు బొట్టెందుకని ఊరుకున్నా."

దివానుగారు గుమాస్తాల మీద విరుచుకుపడబోయి, గోడ వంక చూసి ఆగిపోయారు. అన్నిటికన్నా పైనున్న పెద్ద బొట్టు ఆయనదే.