గుడ్డకు అంటిన నలుపు

షేక్ దస్తగిరి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. చిలకలూరిపేట మొదలు ఒంగోలు దాకా ఆయన నాదస్వరం మోగని పెళ్ళిపందిరి లేదంటారు. శిష్యులు కూడా ఆ దారి పొడుగునా ఉన్నారు. ఊపిరి నిలవడం లేదని మొరపెట్టుకున్న ఒకడి చేత పెరటి బావిలో నీళ్ళు తోడించారు. తాళం తప్పుతోందన్న మరొకడిని తీసుకుపోయి వడ్లమిల్లు ఇంజను పక్కన కూర్చోబెట్టారు. ఈ పనులకూ సంగీతానికీ సంబంధమేమిటని అడిగే సాహసం ఎవరూ చేయలేదు. అడిగితే ఇంకో పని చెబుతారని భయం.

అందుకే సైదులు తన ప్రశ్నను చాలాకాలం లోపలే దాచుకుని తిరిగాడు. దస్తగిరి గారి శిష్యుల్లో అతనే పెద్దవాడు. నలభై దాటిన మనిషి, తనకూ శిష్యులున్నారు. వాళ్ళందరిలోకీ అతని ప్రాణమంతా అక్క కూతురు మీరాబీ మీదే. ఆ పిల్ల చిన్నతనంలో వాద్యం అందుకుంటే చాలు, ఇల్లు పెళ్ళివారిల్లయ్యేది. రాగం కిందికి దిగేటప్పుడు చివరి స్వరం దగ్గర చిన్న విరుపు ఒకటి వేసేది. ఎవరూ నేర్పింది కాదు, దానంతట అది వచ్చింది. గురువుగారి పాఠంలో అది లేదని సైదులు పట్టుబట్టి మాన్పించాడు. ఆ తర్వాత ఇంకొకటి మాన్పించాడు, ఆ తర్వాత మరొకటి. ఇప్పుడు మీరాబీ పెద్దదైంది, స్వరం తేరింది, పలుకు శుభ్రపడింది. ఆ సందడి మాత్రం ఎటు పోయిందో పోయింది. వాయిస్తున్నంతసేపూ ఓరకంట మామ మొహమే చూస్తుంది. మామ గొంతు సవరించుకుంటే చాలు, అక్కడికక్కడ ఆగిపోతుంది.

అద్దంకిలో ఒక పెళ్ళి ఒప్పుకున్నారు. మీరాబీ మొదటిసారి మేళానికి ముందు కూర్చుని వాయించాలి. పెళ్ళికి ముందురోజు పొద్దున సాధన మధ్యలో ఆమె వాద్యం ఒళ్ళో పెట్టుకుని, "రేపు నువ్వే వాయించు మామయ్యా. నేను పక్కన శ్రుతి పట్టుకుంటాలే" అంది. శ్రుతి పట్టడమంటే వెనక కూర్చుని మొదటినుంచి చివరిదాకా ఒకే స్వరాన్ని ఊదుతూ ఉండటం. ఆమె ఏడవలేదు, అలగలేదు, అన్నం తిన్నానని చెప్పినంత మామూలుగా చెప్పింది. సైదులుకు ఆ మామూలుతనమే గుండెల్లో గుచ్చుకుంది. చెప్పులేసుకుని తిన్నగా గురువుగారింటికి వెళ్ళాడు.

దస్తగిరి గారు వాకిట్లో తన నల్లకారు పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతున్నారు. ఆ కారు మేళమంత పాతది. అది మలుపు తిరిగితే చాలు, మేళం వచ్చేసిందని పెళ్ళివాళ్ళు పొయ్యి మీద కాఫీ పెట్టేవారు. సైదులు ఎప్పటిలాగే ముందు భుజం మీది కండువా తీసి బానెట్ మీది దుమ్ము గుండ్రంగా తుడిచి, ఆ తర్వాత గురువుగారికి దణ్ణం పెట్టాడు.

"గురువుగారూ, ఒక తప్పు తీస్తే పక్కనే పది కనపడుతున్నాయి. తీసేకొద్దీ పిల్ల చిన్నబోతోంది. తీయకపోతే నా మనసు ఒప్పుకోదు. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. రేపు దాన్ని ముందు కూర్చోబెట్టమంటారా, వద్దంటారా?"

దస్తగిరి గారు టీ పూర్తిచేసి గ్లాసు కింద పెట్టారు. "రేపు మనం పోయేది ఈ బండిలోనే గదా" అన్నారు. "ఎండలో నిలబడి దీని మొహం ఒకసారి చూడు."

సైదులు వంగి చూశాడు. నల్లటి బానెట్‌లో సూర్యుడు మెరుస్తున్నాడు. ఆ మెరుపు చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నని గీతలు గుండ్రంగా అల్లుకుని అచ్చం సాలెగూడులా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్న కారే, ఇన్ని గీతలున్నాయని అతనికి ఎప్పుడూ తోచలేదు.

"లోపల రబ్బింగ్ పాలిష్ డబ్బా ఉంది, మెత్తటి గుడ్డలున్నాయి. ఆ గీతలన్నీ పోగొట్టు" అన్నారు గురువుగారు.

పని పడిందని సైదులుకు అర్థమైంది. చొక్కా, కండువా తీసి కొయ్యకు తగిలించి, ధోవతి ఎగ్గట్టాడు. గుడ్డ తీసుకోబోతే దస్తగిరి గారు కుర్చీలోంచే వారించారు. "ముందు నీళ్ళు పొయ్యి. ఇసక మొత్తం జారిపోయిందాకా చెయ్యి వెయ్యబాక." బకెట్లకు బకెట్లు పోశాడు, సబ్బునీళ్ళతో కడిగాడు, మెత్తటి గుడ్డ అద్ది తడి తీశాడు. "ఇప్పుడు గోరు ఆనించి చూడు. గోరు జారిపోతే ఆ గీత పోతుంది. గోరు పట్టిందనుకో, దాని జోలికి పోబాక."

వెనక తలుపు మీద మూరెడు గీత ఒకటి గోటికి పట్టింది.

"అదా? ఇంకొల్లులో ఊరేగింపు నాడు మన డోలు మోతకు ఒక గేదె బెదిరి అడ్డమొచ్చింది. దాని కొమ్ము గీరుకుంది. ఆ గేదె పెళ్ళికూతురి కన్నా ఎక్కువ సిగ్గుపడిందిరా ఆ రోజు" అని గురువుగారు కుర్చీ కదిలేలా నవ్వారు. "దాన్నట్టా ఉండనీ."

సైదులు పాలిష్ కొద్దికొద్దిగా తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దిన మేర సాలెగూడు మాయమై నలుపు నిగనిగలాడింది. ఇదేదో తేలికే అనుకుని ఒక అడుగు పక్కకు జరిగాడు. బానెట్‌లో సూర్యుడూ అతనితోపాటే జరిగాడు, కొత్తచోట మళ్ళీ చుట్టూ సాలెగూడు! అక్కడ రుద్దాడు. ఇంకో అడుగు జరిగితే మళ్ళీ అదే వరస. పౌరుషం వచ్చి గట్టిగా రుద్దాడు. ఇటునుంచి పోగొట్టి అటు, అటునుంచి పోగొట్టి ఇటు, కారు చుట్టూ సూర్యుణ్ణి తరుముకుంటూ తిరుగుతున్నాడు.

అదే సమయానికి మీరాబీ మామకు అన్నం క్యారేజీ తెచ్చింది. పాఠంలో ఒక్క పొల్లును కూడా క్షమించని మామయ్య పంచె ఎగ్గట్టి, ముక్కు మీద పాలిష్ పూసుకుని, కారు మీదికి వంగి "ఇదుగో ఇక్కడ కూడా, ఇక్కడ కూడా" అని గొణుక్కోవడం చూసింది. ఫక్కున నవ్వింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో. గురువుగారు చూపుడువేలు పెదాల మీద పెట్టి, కళ్ళతో వసారా చూపించారు. మీరాబీ చప్పుడు చేయకుండా వెళ్ళి అక్కడ కూర్చుంది.

సైదులు మాత్రం ఇదేదీ గమనించలేదు. కాసేపటికి నడుం నిమురుకుంటూ వచ్చి, చేతిలోని గుడ్డ గర్వంగా విప్పి చూపించాడు. గుడ్డంతా నల్లగా ఉంది. "చూశారా గురువుగారూ! ఎంత మురికి వదిలిందో!"

"కడిగావు గదరా. ఇంకా మురికెక్కడిది?"

సైదులు గుడ్డ వంక చూశాడు, కారు వంక చూశాడు.

"గుడ్డకు అంటింది మురికి కాదు నాయనా, కారే" అన్నారు దస్తగిరి గారు. "గీతను పట్టుకుని ఎవరూ పైకి లాగలేరు. దాని చుట్టూ ఉన్న నలుపును గీత లోతు దాకా అరగదీస్తాం, అంతే. ఈ కాలపు బళ్ళకు రంగు మీద గాజులాంటి పూత ఒకటి వేస్తారంట, ముందు అది అరుగుతుంది. మన ముసలిదానికి అది కూడా లేదు. నువ్వు ఇంకాస్త గట్టిగా రుద్దావంటే కింద రేకు పలకరిస్తుంది."

 సైదులు గుడ్డను పాపాయిని దించినట్టు మెల్లగా బల్ల మీద దించాడు. ఈ పనంతా తెచ్చిపెట్టినవాడెవడో అని ఒళ్ళు మండింది. "అసలిన్ని గీతలు ఎవడు పెట్టాడండీ దీనికి?"

"ఎవడో, నేనంటే బాగా ప్రేమున్నవాడే" అన్నారు గురువుగారు. ఆయన చూపు కొయ్యకు తగిలించిన చొక్కా మీద, దాని మీద వేలాడుతున్న కండువా మీద ఆగింది.

సైదులు కూడా అటే చూశాడు. వచ్చిన ప్రతిసారీ దణ్ణానికి ముందు అదే కండువాతో, ఆరిన ఇసక దుమ్మును, గుండ్రంగా గుండ్రంగా, ఎంతో భక్తిగా తుడిచిన తన చెయ్యి అతనికి కళ్ళకు కట్టింది. పొద్దున కూడా తుడిచాడు.  సిగ్గుపడుతూ, "వద్దని అప్పుడే ఒక మాట చెప్పకపోయారా?" అన్నాడు.

"చెబితే నువ్వు చిన్నబోయేవాడివి" అన్నారు దస్తగిరి గారు.

అప్పుడే వసారాలోంచి నాదస్వరం లేచింది. మీరాబీ గోడకు ఆనించి ఉన్న గురువుగారి వాద్యం తీసుకుని, మామ వీపు ఇటుందన్న ధీమాతో తనకోసం తాను వాయించుకుంటోంది. రాగం ఎక్కింది, ఆడింది, కిందికి దిగింది. దిగి చివరి స్వరం దగ్గర ఆ చిన్న విరుపు, చిన్నప్పటిది, మొట్టమొదట మాన్పించినది, గంతేసి వచ్చింది. సైదులు గొంతు అలవాటుగా సవరించుకోబోయింది. అతను గుటక వేసి దాన్ని లోపలికి పంపేశాడు. బల్ల మీది గుడ్డ వంక చూడటానికి అతనికి భయం వేసింది. కానీ పోయిందనుకున్నది ఇంకా ఉంది. మొత్తం అరిగిపోలేదు. ఆ సంగతి తెలిసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగి, వాటి వెనకే నవ్వు వచ్చి, ఏది ముందు తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

"బండి సగమే అయింది గురువుగారూ" అన్నాడు ఎప్పటికో.

"గేటు దాకా పోయి అక్కణ్ణించి చూడు."

వెళ్ళి చూశాడు. గేటు దగ్గర్నుంచి ఏ సగం రుద్దిందో, ఏ సగం రుద్దనిదో తెలియలేదు. కారు నల్లగా, నిండుగా, ఎప్పటిలా పెళ్ళికి సిద్ధంగా ఉంది.

మర్నాడు అద్దంకి పందిట్లో మీరాబీ అలవాటుగా వెనక్కి వెళ్ళి శ్రుతి అందుకోబోతే, అది అప్పటికే సైదులు చేతుల్లో ఉంది. "నువ్వా మామయ్యా?" అంది ఆమె నమ్మలేక. సైదులు జవాబు చెప్పలేదు, చెప్పడానికి వీల్లేదు. శ్రుతి వాద్యం పీక నోట్లో ఉంది, బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. గొంతు సవరించుకోవడానికి కూడా దారి లేదు. మీరాబీ ఒక క్షణం చూసి, ముందుకెళ్ళి కూర్చుంది.

మొదట కాస్త తడబడింది. ఒకచోట స్వరం జారింది కూడా. జారగానే పాత అలవాటున మామ వంక చూసింది. ఆ పొంగిన బుగ్గలు, వాటి పైన గుడ్లు మిటకరించిన కళ్ళు చూసి ఆమెకు నవ్వు ఆగలేదు. ఊపిరి తెగి వాద్యం ఒక కొత్త కూత కూసింది. డోలాయన దాన్ని అందుకుని ఒక దెబ్బ వేశాడు, మీరాబీ దాన్ని పట్టుకుని పైకెళ్ళిపోయింది. ఇక ఆ తర్వాత చూడాలి! రాగం దిగిన ప్రతిసారీ ఆ విరుపు వచ్చింది, వచ్చినప్పుడల్లా పందిట్లో పిల్లలు గంతులేశారు. పెళ్ళికూతురి నాయనమ్మ చేతికర్ర పక్కన పెట్టి తాళం వేసింది. తలవంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు తలెత్తి వాద్యం వైపు చూసి నవ్వింది. సైదులు జీవితంలో అంత సంతోషం ఎరగడు. కన్నీళ్ళు చెంపల మీదుగా కారుతుంటే, చేతులు రెండూ శ్రుతి మీద ఉండి తుడుచుకునే వీల్లేక, ఆ ఒక్క స్వరాన్నే చివరిదాకా నిలబెట్టాడు.

భోజనాలయ్యాక అందరూ కారు దగ్గరికొచ్చారు. దాని మీద దారిలో పడ్డ దుమ్ము, పందిట్లోంచి ఎగిరొచ్చిన అక్షింతలు, ఎవరో పిల్లలు వేళ్ళతో గీసిన పువ్వు ఉన్నాయి. మీరాబీ వెనక సీట్లో కూర్చుని ఇంకా కూనిరాగం తీస్తోంది. సైదులు చెయ్యి దానంతటదే భుజం మీది కండువా దాకా వెళ్ళి, దాన్ని లాగి, బానెట్ మీదికి వంగింది.

"ఉండనీరా సైదులూ" అన్నారు దస్తగిరి గారు తలుపు తీసుకుని ఎక్కుతూ. "పెళ్ళికెళ్ళొచ్చిన బండి, పెళ్ళికెళ్ళొచ్చినట్టే ఉండనీ."