గవరయ్య రోలు

"గుజ్జు తయారైందా అని పొద్దుటినుంచి ఇది ఏడోసారి అడగడం. చేతులున్నది నాకు చూపించడానికా, పని చేయడానికా?" అని కసిరారు పానకాలుగారు. కాగితపు గుజ్జుతో బొమ్మల ముఖాలు చేయడంలో ఆయన దిట్ట. చిటికెడు గుజ్జు వేళ్ల మధ్య రాసినప్పుడు గరుకు తగలకపోతే తయారైనట్టేనని శిష్యురాలు నాంచారమ్మకు మొదటిరోజే చెప్పారు.

ఆమె తల వంచుకుని, వేళ్లకు మెత్తగానే ఉందనీ, మనసే నమ్మడం లేదనీ చెప్పింది. ఏమేం నానబెట్టావని ఆయన అడిగారు. పాత పేపర్లు, పిల్లల నోటుబుక్కులు అంది. ఇంకేమీ లేవు కదా అని మరోసారి అడిగి, లేవన్నాక, గవరయ్య సంగతి చెప్పారు.

గవరయ్యా, అతని తమ్ముడు అంకన్నా బొమ్మలు చేసేవారు. ఇంట్లో నలభై జతల ముఖాల అచ్చులుండేవి. అవి కొడుకులిద్దరికీ చెరిసగమని తండ్రి కాగితం రాయించి, వేలిముద్ర వేసి పోయాడు. ఒకసారి తమ్ముడు బొమ్మలమ్ముకోవడానికి తిరునాళ్లకు వెళ్లినప్పుడు గవరయ్య ఆ కాగితాన్ని పెట్టెలోంచి తీసి, చిత్తుకాగితాలతో పాటు గోలెంలో నానేశాడు. మూడోనాడు రోట్లో వేసి దంచాడు.

తిరిగొచ్చిన అంకన్న తన వాటా అచ్చులు అడిగాడు.

"ఏ వాటా? కాగితముంటే చూపించు," అన్నాడు గవరయ్య.

అంకన్న పెట్టె తెరిచి చూశాడు. అన్న ముఖం కూడా చూశాడు. పెళ్లాం పిల్లలను తీసుకుని ఇటుకబట్టీ పనికి వెళ్లిపోయాడు.

గవరయ్య ఆ గుజ్జులో మెంతిపిండీ, చింతగింజల జిగురూ కలిపి అచ్చులో వేయబోయాడు. ముద్దలో ఎక్కడో నల్లగా అక్షరం ముక్క కనిపించినట్టయింది. మళ్లీ దంచాడు. మళ్లీ కనిపించింది. ఆ గుజ్జు పారబోసి, కొత్త కాగితాలు నానేశాడు. అందులోనూ అదే వరస. వెన్నలా ఉంది, ఇక ఆపమని భార్య చెప్పింది. నీ కళ్లకు ఆనదులే అని రోకలి ఎత్తాడు. దసరా బొమ్మల కోసం వచ్చే బేరగాళ్లు రెండేళ్లు వచ్చి చూసి, మూడో ఏడు వేరే ఊరి దారి పట్టారు.

పానకాలుగారు అక్కడితో ఆపి, ఆరబెట్టిన ముఖాలను ఎండలోంచి నీడకు జరపసాగారు. నాంచారమ్మ ఉండబట్టలేక అడిగింది.

"తయారైందని అతనికి ఇంకెవరూ చెప్పలేదా గురువుగారూ?"

"ఊరంతా చెప్పిందమ్మా. పదకొండేళ్లు చెప్పింది. రోలు అరిగి అడుగు చిల్లిపడింది గాని, ఆ నలభై జతల అచ్చుల్లోంచి అతనికి ఒక్క ముఖమైనా రాలేదు."